వాసెన బట్ట

మొన్న నరసరావుపేటలో డాక్టరమ్మ నా రిపోర్టులు చూసి, "నూనె తగ్గించి ఆవిరి మీద ఉడికినవి తినండమ్మా" అంది. మా అత్తగారు వినుంటే, ఈ మాత్రం దానికి ఫీజెందుకని అడిగేది. నూనె బొట్టు లేకుండా ఆవిరి కుడుము చేయడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. ఇత్తడి తపేలాలో సగానికి నీళ్లు పోసి, తడిపిన పాత పంచె ముక్కని మూతికి బిగించి కట్టేది. దాన్నే వాసెన కట్టడం అంటారు. ఆ బట్ట మీద మినప్పిండి పోసి మూత పెట్టేది. తడివేలికి పిండి అంటుకోకపోతే ఉడికినట్టే. పక్కన అల్లం పచ్చడి ఉంటే ఇంకేం కావాలి.

బట్ట వదులైతే మాత్రం పిండి బరువుకి నీళ్లలోకి జారిపోతుంది. అందుకే ఆవిడ రెండు చేతులా లాగి పట్టుకుంటే, నేను దారం చుట్టాలి. "ఏమే, ఇటు రా" అన్న కేకతోనే మాకు తెల్లవారేది. గురజాల దగ్గర పల్లెలో ఉన్నప్పుడు ఆవిడ తమ్ముడు సర్పంచిగా నిలబడి ఓడిపోయాడు. నేను అవతలివాళ్లకి వేశానని ఆవిడ అనుమానం. ఎవరికి వేశానో ఇప్పటికీ చెప్పను. ఆ వానాకాలమంతా మా మధ్య మాటల్లేవు. పొద్దున్నే కేకకి బదులు తపేలా మీద మూత టంగుమని మోగేది. నేను మూతి ముడుచుకుని వెళ్లి దారం చుట్టేదాన్ని. ఒకరోజు వదులుగా చుట్టాను.

"కోపముంటే నామీద సూపించు, కుడుమేం జేసిందే నిన్ను?" అంది. నాకు నవ్వాగలేదు. అలా మాటలు కలిశాయి.

మా ఆయన ఎప్పుడో పోయారు. ఆవిడ పోయి ఏడాది దాటింది. ఇవాళ అటక మీంచి తపేలా దించాను. బట్ట ఒక కొస పళ్లతో పట్టి, ఇంకో కొస మోచేత్తో నొక్కి దారం చుట్టాను. పిండి పొయ్యగానే అంతా నీళ్లపాలైంది.

పక్కింటి వదిన పెరుగు గిన్నెతో వచ్చి చూసి, "ఇడ్లీ కుక్కరుందిగా, నీకీ తంటా ఏంది వదినా? ఇడ్లీ అయితే ఒక్కదానివే ఏసుకోవచ్చు" అంది.

నిజమే. ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది. మాటల్లేని ఆ వానాకాలం వృథాగా పోయిందని ఇన్నేళ్లూ అనుకున్నాను. రోజూ పొద్దున్నే ఒకే బట్టని ఇద్దరం పట్టుకున్న కాలమది.