నేను చంపిన పసుపు కొమ్ము

కుదరబోయే పెళ్లి సంబంధాన్ని చెడగొట్టడానికి ఎంతసేపు పడుతుందంటారు? ఆకాశరామన్న ఉత్తరం రాసేవాడికి పోస్టు చేరేదాకా ఆగాలి. పెట్టుపోతల దగ్గర తగువు పెట్టుకునే బావగారికి ఒక పూటైనా కావాలి. నాకు గవ్వలు ఒక్కసారి విసిరినంతసేపు చాలింది. చెడిపోయింది ఏ పగవాడి సంబంధమో అయితే ఈ పాటికి గొప్పగా చెప్పుకుని తిరిగేవాణ్ని. అది నా ప్రాణ స్నేహితుడు శంకరంది. చెబుతాను, వినండి. నవ్వొస్తే నవ్వండి. మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి, నేనూ అదే పని చేస్తుంటాను.

ఎనభైల మొదటి రోజులవి. భద్రాచలం దాటి చర్ల వైపు పోతుంటే అడవి అంచున ఉండే ఒక ఊళ్లో నాకు టీచరుగా మొదటి పోస్టింగు వచ్చింది. మాది బోనకల్. రైలు కూతలు వింటూ పెరిగిన వాణ్ని. ఇక్కడ వినడానికి వాన, కప్పలు, హెడ్మాస్టరు దగ్గు తప్ప ఇంకేమీ లేవు. ఒక పెంకుటింట్లో నలుగురం బ్రహ్మచారులం కిరాయికి ఉండేవాళ్లం. నేను, దవాఖానాలో కాంపౌండర్ శంకరం, ఫారెస్టు గార్డు రాములు, బస్సు కండక్టర్ యాదగిరి. యాదగిరి బస్సు రోజు విడిచి రోజు సాయంత్రం వచ్చి, రాత్రి మా ఊళ్లోనే ఆగి, పొద్దున్నే బయల్దేరేది. అందుకని అతను మాకు సగం అద్దెదారు.

కాలక్షేపానికి ఒక ఆట కావాలి. ఆ ఆటను ఎంచుకోవడంలో మేము పడిన పాట్లు చెబితే అదే ఒక కథ. మొదట క్యారమ్స్ అనుకున్నాం. బోర్డు కొత్తగూడెం నుంచి యాదగిరి బస్సు టాపు మీద ప్రయాణం చేసి వచ్చింది. ఆ వానాకాలం చెమ్మకు పౌడరు ముద్దై, కాయిన్లు ఉన్నచోటనే కూర్చుండిపోయాయి. బలంగా కొడితే స్ట్రైకరే వెనక్కి వచ్చేది. తర్వాత చదరంగం. అందులో ఇద్దరు ఆలోచిస్తుంటే ఇద్దరు గురకపెట్టేవాళ్లు. పులి-మేక ఆడదామన్నాం. నలుగురమూ పులులమే, మేకలుగా ఉండేందుకు ఒక్కడూ ఒప్పుకోలేదు.

చివరికి రాములు అన్నాడు, "అష్టాచెమ్మా ఆడుదాం తియ్. నలుగురికీ సరిపోతది."

"ఆడోళ్ల ఆట గదరా!" అన్నాడు శంకరం.

"ఇక్కడ ఆడోళ్లెవరున్నరు సూడనీకె? ఆడు."

ఆడాం. ఆడటమా అది! ఆదివారం పొద్దున కూర్చుంటే అన్నం మాడిన వాసన వచ్చేదాకా లేచేవాళ్లం కాదు. పలక మీద సుద్దతో ఐదు వరసల గడులు, చేతిలో నాలుగు గవ్వలు, ఒక్కొక్కరికి నాలుగు కాయలు. కాయ బయటి గడులన్నీ చుట్టి, లోపలి గడుల్లోకి తిరిగి, నడిమి గడికి చేరితే పండినట్టు. దారిలో ఎదుటివాడి కాయ ఉన్న గడిలో సరిగ్గా పడితే దాన్ని చంపి మొదటికి పంపొచ్చు. అసలు కిటుకు ఏమిటంటే, ఒక్క కాయనైనా చంపనిదే మన కాయలకు లోపలికి ప్రవేశం లేదు. ఓడినవాడు వారమంతా గిన్నెలు తోమాలి.

నా స్వభావం ఇక్కడ చెప్పుకోవాలి. బడిలో పిల్లల్ని ఒక్క దెబ్బ కొట్టి ఎరగను. చీమను చూస్తే పక్కకు తప్పుకుంటాను. గవ్వలు చేతికొస్తే మాత్రం నేను నేను కాదు. చంపే అవకాశం వస్తే వదలడం నా చేత కాదు. గెలుస్తానా అంటే అదీ అంతంత మాత్రమే. చంపడంలో ఉన్న సంబరం ముందు గెలుపు ఎవడిక్కావాలి?

అలాంటి రోజుల్లో శంకరానికి పెళ్లిచూపులు కుదిరాయి. అమ్మాయి పేరు సుజాత, ఊరు కారేపల్లి. ఇల్లెందులో చుట్టాల పెళ్లిలో చూశాడట. అప్పటినుంచి మందు సీసాల మీద చీటీలు తారుమారు చేస్తున్నాడు. కుసుమంచిలో ఉన్న మేనమామ వెంటపడి, బతిమాలి, అలిగి, రెండు పూటలు అన్నం మానేసి ఈ సంబంధం అడిగించుకున్నాడు. తీరా బయల్దేరే ముందు ఆ మేనమామకు చలిజ్వరం వచ్చింది.

"నాకు నాయిన లేడు, మామ మంచం పట్టిండు. నువ్వే పెద్దమనిషివిరా," అన్నాడు శంకరం నా చేతులు పట్టుకుని.

నాకప్పటికి మీసం కూడా పూర్తిగా రాలేదు. అయినా పెద్దమనిషి అనేసరికి పంచె కట్టాను.

ఆ పొద్దున బస్సు కదిలేలోపు ఒక ఆట వేశాం. కండక్టర్ మాతోనే ఉన్నాడు కనక బస్సు ఎక్కడికి పోతుందన్న ధైర్యం. ఆట మంచి పాకంలో ఉండగా డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. యాదగిరి టికెట్ల సంచి తగిలించుకున్నాడు. అప్పుడు శంకరం వంతు.

"ఆట ఆపుదాం. వచ్చినంక ఇక్కడి నుంచే మొదలువెడదాం," అన్నాను.

"గవ్వలు నా దగ్గర వెట్టుకుంట," అన్నాడు రాములు.

"నీ దగ్గరనా? మొన్న గవ్వలకు మైనం వూసింది ఎవరు? ఎవరి వంతైతే వాళ్ల దగ్గరే ఉండాలె. శంకరం, జేబుల వేస్కో!" అని అడ్డుపడింది నేనే.

పెళ్లిచూపులకు పోయేవాడు రుమాల్లో గవ్వలు మూట కట్టుకోవడం ఏమిటని నలుగురిలో ఒక్కడికీ తోచలేదు. మా లోకం అలాంటిది.

కారేపల్లిలో అమ్మాయి తండ్రి నర్సయ్య మమ్మల్ని వసారాలో మంచం మీద కూర్చోబెట్టాడు. మర్యాదస్తుడు, మితభాషి. ఆయన తమ్ముడు పేకాటలో చెలక భూమంతా పోగొట్టాడని, జూదం పేరెత్తితే ఆయనకు ఒళ్లు మండుతుందని మేనమామ ముందే చెప్పి పంపాడు. కాబట్టి నేను చాలా జాగ్రత్తగా వానల గురించి, మిరప పంట గురించి మాట్లాడుతున్నాను.

సుజాత చాయ్ తెచ్చింది. శంకరానికి చెమటలు పట్టాయి. జేబులోంచి రుమాలు లాగాడు. గవ్వలు గలగలమని గచ్చు మీద పడి, దొర్లి, నర్సయ్య కాళ్ల దగ్గర ఆగాయి. నాలుగూ బోర్లా.

నాలుగూ బోర్లా పడితే ఎనిమిది. అలవాటుకొద్దీ నా గొంతులోంచి "అష్టా!" అని కేక వచ్చేసింది.

నర్సయ్య గవ్వల్ని చూశాడు. శంకరాన్ని చూశాడు. పెద్దమనిషినైన నన్ను చూశాడు.

"జూదం ఆడుతడా పిలగాడు?"

"అయ్యో లేదు బాబాయ్! పైసలు వెట్టి ఆడం. ఓడినోడు గిన్నెలు తోముతడు, గంతే. మా శంకరమైతే ఎన్నడూ గెలవడు."

"అంటే దినాం గిన్నెలు తోముతడా?"

ఏం చెప్పినా మునిగేలా ఉంది. శంకరం చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. అంతలో లోపలి నుంచి ఒక ముసలావిడ గోడ పట్టుకుని వచ్చింది. నర్సయ్య తల్లి. ఆ ఇంట్లో ఏ మాటైనా చివరికి ఆమె దగ్గరే తేలుతుందట.

"గవ్వల సప్పుడు ఇనవడ్డది. ఎవలియి?"

"పిలగానియి అమ్మా. జూదం లెక్కనే ఉన్నది."

"అష్టాచెమ్మా జూదమెట్లయితదిరా నర్సిగా? నీ పెండ్లినాడు నీతోని, నీ పెండ్లాంతోని నేనే గద ఆడిపిచ్చింది!" అని ఆమె నా వైపు తిరిగింది. "ఎన్నేండ్లాయెనో ఆడక. పంతులూ, నీకు వచ్చునా?"

వచ్చునా అట! నా చేతులు అప్పటికే దురద పెడుతున్నాయి.

"అవ్ అవ్వా, కొంచెం వచ్చు."

"అయితే కూసో. పిల్లా, ముగ్గుపిండి తేపో!"

సుజాత గచ్చు మీద ముగ్గుపిండితో గడులు గీసింది. గీస్తూ ఒక్కసారి తలెత్తి శంకరం వైపు చూసింది, ఒక గీత వంకరపోయింది. శంకరం ముఖం ఆ క్షణంలో ఎలా వెలిగిందో నేను చూశాను. చూసి కూడా చేశాను కదా, అందుకే ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను.

నేను నాలుగు గులకరాళ్లు ఏరుకున్నాను. అవ్వ మూడు చింతపిక్కలు పెట్టి, నాలుగోదిగా లోపలి నుంచి ఒక పసుపు కొమ్ము తెప్పించింది. దాన్ని కళ్లకద్దుకుంది.

"ఇది నా మనుమరాలి కాయ. ఇది పండి నడిమింట్ల కూసున్నదంటే ఈ పిల్లకు గీ పిలగాడే. ఇగ ఎవ్వలేమన్నా ఇన. మా ఇంట్ల శకునం గిట్లనే సూస్తం. నన్ను గూడ గట్లనే ఇచ్చిన్రు."

శంకరం మోకాలితో నన్ను పొడిచాడు. "ఇన్నవా?" అన్నాడు గొణుగుతూ.

"విన్న తియ్. నాకు తెల్వదా?" అన్నాను.

అవ్వ ఆట చూసి తీరాలి. గవ్వలు ఆమె చెప్పినట్టు వినేవి. నా రాళ్లను చంపినప్పుడల్లా "పాపం, పంతులు" అని జాలిపడి మరీ చంపేది. చూస్తుండగానే మూడు చింతపిక్కలూ పండాయి. నర్సయ్య కూడా కోపం మరిచి దగ్గరకు జరిగి కూర్చున్నాడు. నా నాలుగు రాళ్లూ ఇంకా బయటి గడుల్లోనే తిరుగుతున్నాయి. ఒక్క కాయనూ చంపలేదు కనక లోపలికి పోవడానికి లేదు. పసుపు కొమ్ము బయటి దారంతా క్షేమంగా నడిచి, లోపలికి తిరిగే మలుపు దగ్గర నిలబడింది. ఇంకొక్క పందెం పడితే లోపలికి పోతుంది, ఆ తర్వాత దాన్ని ముట్టుకునేవాడు లేడు.

నా వంతు. విసిరాను. మూడు పడింది.

నా రాయి ఒకటి పసుపు కొమ్ముకు సరిగ్గా మూడు గడుల వెనక ఉంది.

నాకు మరో దారి లేదనుకునేరు. ఇంకా మూడు రాళ్లున్నాయి, ఏది జరిపినా సరిపోయేది. శంకరం దగ్గాడు. నర్సయ్య గొంతు సవరించుకున్నాడు. గుమ్మం దగ్గర సుజాత గాజులు గలగలలాడించింది. అవ్వ కూడా నా ముఖంలోకి చూస్తూ నవ్వుతోంది, మర్యాద తెలిసిన పిల్లవాడు కదా అన్న నమ్మకంతో. నాకు వీళ్లెవరూ కనిపించలేదు. గడి కనిపించింది. దూరం కనిపించింది. నా చెయ్యి రాయిని లేపి ఒకటి, రెండు, మూడు అని నడిపించింది.

"చంపిన!" అని అరిచి పసుపు కొమ్మును తీసి అవ్వ ఒళ్లో వేశాను.

అంతటితో ఆగితే నేను మనిషినే. "చంపినోనికి ఇంకో పందెం!" అంటూ గవ్వలు మళ్లీ అందుకున్నాను.

వసారాలో అందరూ నన్నే చూస్తున్నారు. శంకరం మాత్రం చూడటం లేదు, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అప్పుడు దిగింది నా మత్తు.

ఆ తర్వాత నేను ఆడినంత చెత్తగా అష్టాచెమ్మా ఎవరూ ఆడి ఉండరు. పసుపు కొమ్ము మళ్లీ మొదటి నుంచి బయల్దేరితే, దాని దారిలో ఉన్న నా రాళ్లను పక్కకు జరిపాను. చంపే వీలొస్తే కళ్లు మూసుకున్నాను. ఆఖరికి అది లోపలికి తిరిగి, నడిమింటికి చేరింది.

"పండింది! అవ్వా, పండింది! శకునం మంచిగనే వచ్చింది!" అని లేచి గంతేశాను. పంచె ఊడినంత పనైంది.

అవ్వ పసుపు కొమ్మును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పండింది బిడ్డా. ఒకపాలి సచ్చి, మళ్ల పుట్టి పండింది. అంటే ఏందో ఎరుకేనా? నా మనుమరాలికి రెండో మనువు రాసి ఉన్నదని. మరి మొదటోడు ఎవలు? గీ పిలగాడే గద! బంగారమసొంటి పిలగాడు. తెలిసి తెలిసి ఈని పాణం మీదికి ఎట్ల తెస్త? నా వల్ల కాదయ్యా."

శంకరం ప్రాణం కాపాడటానికే శంకరానికి పిల్లనివ్వనంటోంది. నర్సయ్య తలూపాడు. సుజాత తడిగుడ్డ తెచ్చి ముగ్గు గడులను తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటనే మళ్లీ మళ్లీ తుడిచింది. ఆ దృశ్యం తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు అన్నం సహించదు.

కారేపల్లి రోడ్డు మీద బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాం. శంకరం చెప్పుతో రోడ్డు మీది కంకర గెలుకుతున్నాడు. తిడితే బాగుండుననిపించింది. చివరికి అడిగాడు.

"గంతమంది సైగ చేస్తుంటే నీకేం కనవడ్డదిరా?"

"మూడు."

"మూడేంది?"

"మూడు వడ్డది గదా... రాయి గూడ మూడు గడుల దూరంలనే..."

అతను తల కొట్టుకున్నాడు. "పోనీ, ఆటన్నా గెలిచినవా?"

"లేదు. అవ్వనే గెలిచింది."

అప్పుడు నవ్వాడు శంకరం. నవ్వుతూ నవ్వుతూ పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు రోడ్డు వైపు చూశాను.

సుజాతకు ఆ ఎండాకాలమే వేరే సంబంధం చేశారు. ఇల్లెందు వైపు నుంచి ఎవరొచ్చినా శంకరం ఆమె బాగుందా అని అడిగేవాడు. ఆ ప్రశ్న వినిపించినప్పుడల్లా నాకు బయట ఏదో పని గుర్తొచ్చేది. కొన్నాళ్లకు అతనికి బదిలీ అయింది, ఆ తర్వాత పెళ్లయింది. శుభలేఖ ఇవ్వడానికి స్వయంగా వచ్చి, "నువ్వు తప్పకుండ రావాలె. జరంత తలంబ్రాలు అయినంక రా," అన్నాడు. తాళి కట్టి, తలంబ్రాలు పోసుకుని, వధూవరులు అరుంధతిని చూసేదాకా నేను పందిరి బయట బుద్ధిగా నిలబడే ఉన్నాను.

కాబట్టి ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా: పెళ్లీడు పిల్ల ఉన్న ఇంట్లో, పెద్దవాళ్లు కూర్చున్న ఆటలో, నా బొందిలో ప్రాణముండగా ఏ ఒక్కరి కాయనూ నేను చంపను. అది పసుపు కొమ్మైనా, చింతపిక్కైనా, ఉత్త మట్టిగడ్డైనా సరే. నా కాయలన్నీ బయటే తిరిగి తిరిగి అరిగిపోయినా సరే. మూడే పడినా సరే.