హేసూక్ చిటికెన వేలు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించేసి రండి, మొదలుపెడితే నేను మధ్యలో ఆపలేను. ఇది నా జబ్బు కథ కాదు, మా గోడ అవతల ఉన్న పిల్లది. కానీ ప్రతి డాక్టరు దగ్గరా పక్క కుర్చీలో కూర్చున్నది నేనే. నా చదువు ఐదో తరగతితో ఆగింది గానీ, చెవిన పడ్డ మాట పోగొట్టుకునే అలవాటు నాకు లేదు.

డెబ్బైల చివర్లో మేం న్యూయార్క్‌కు దగ్గర్లోని పిస్కాటవే అనే ఊళ్ళో దిగాం, ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాం. ఒకే కప్పు కింద రెండిళ్ళు, మధ్యలో ఒక గోడ. మావారు మందుల కంపెనీలో కెమిస్టు. అవతల భాగంలో హేసూక్ అనే కొరియా అమ్మాయి ఒక్కతే ఉండేది. చిన్న వయసులోనే సియోల్ నుంచి న్యూయార్క్ వచ్చి, పియానో నేర్చి, పోటీలో గెలిచి, అప్పటికే లండన్, వియన్నా, టోక్యో తిరిగి కచేరీలు చేస్తోంది. ఊరెళ్తే తాళం నాకిచ్చేది, మొక్కలకు నీళ్ళు నేను పోసేదాన్ని. తిరిగొస్తే భోజనం మా ఇంట్లోనే. ఆవకాయ కళ్ళనీళ్ళు కారుస్తూ తిని, "మా అమ్మ పెట్టే కిమ్చీ పచ్చడి కంటే ఇదే దుర్మార్గం. ఇంకొంచెం వెయ్యి అక్కా" అనేది. అక్కా అన్న పిలుపు నేనే నేర్పాను.

ఒకరోజు పొద్దున పప్పు ఉడుకుతుంటే గోడ అవతల పియానో వింటున్నాను. పూసలు గుచ్చినట్టు పైకి పాకే స్వరాల వరస ఒకటి ఉండేది, రోజూ వినేదే. ఆ రోజు ఒకచోట తెగింది. మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ అక్కడే తెగింది. పప్పు మాడింది, నేను గమనించలేదు.

సాయంత్రం టీకి వచ్చినప్పుడు అడిగాను. కుడిచెయ్యి బల్ల మీద పెట్టి చూపించింది. "మీట మీద పెట్టగానే చిటికెన వేలు లోపలికి ముడుచుకుంటోంది. పక్క వేలు కూడా."

"నొప్పా?"

"నొప్పి ఉంటే బాగుండేది అక్కా. నొప్పి లేదు."

తర్వాత ఆ పిల్ల చేసిన పని పియానో వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యరేమో. మనమైతే చెయ్యి మొరాయిస్తే పక్కన పెడతాం. వాళ్ళకు చిన్నప్పటి నుంచి నూరిపోసింది ఒకటే: తప్పు వస్తే ఇంకా సాధన చెయ్యి. నెమ్మదిగా వంద సార్లు, వేగంగా వంద సార్లు. అది చాలక, ఆ రెండు వేళ్ళ పని మిగతా వేళ్ళకు అప్పగించి, పాటలన్నీ కొత్తగా నేర్చుకుంది. కొన్నాళ్ళకు మంచి వేలు కూడా వంకరపోవడం మొదలైంది. కచేరీలు కుదిర్చే మేనేజర్‌కు ఫోన్ చేసి, ఈసారి నెమ్మది పాటలు పెట్టమని అడిగేది. కారణం చెప్పేది కాదు. చెప్తే కచేరీలు పోతాయి. తను వెళ్ళే కొరియావాళ్ళ చర్చిలో చెప్తే మరుసటి వారానికి సియోల్‌లో తల్లికి చేరుతుంది. ఆ తల్లి కూతురి ఫోటో పడ్డ పేపర్లన్నీ అద్దాల బీరువాలో పెట్టుకున్న మనిషి. అందుకే డాక్టర్ దగ్గరికి నన్ను తోడు రమ్మంది.

ఎక్స్‌రే తీశారు. నెర్వ్ కండక్షన్ టెస్ట్ అని కరెంటు పెట్టారు. ఈఎంజీ అని చేతి కండలో సూదులు గుచ్చారు. చివరికి డాక్టర్ నవ్వుతూ, "గుడ్ న్యూస్. ఎవ్రీథింగ్ ఈజ్ నార్మల్" అన్నాడు. ఆ మాట వినడానికి మనం దేవుళ్ళకు మొక్కుకుంటాం. ఆ పిల్ల ఏడ్చింది.

ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. "స్ట్రెస్. లాంగ్ హాలిడే తీసుకోండి. పెళ్ళి ఆలోచన ఏమైనా ఉందా?" అన్నాడు. కారెక్కగానే, "అక్కా, పెళ్ళికొడుకు వచ్చి నా వేలు నిలబెడతాడా?" అంది. ఇద్దరం నవ్వాం, నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

మూడో ఆయన కార్పల్ టన్నెల్, అంటే మణికట్టులో నరం నొక్కుకుపోయింది అన్నాడు. సర్జరీ చేస్తే బాగవుతుందని చెప్పలేదు, బాగవ్వచ్చు అన్నాడు. ఆ చివరి అక్షరాలు ఆ పిల్ల చెవికెక్కలేదు. మావారు మాత్రం ఆ రాత్రి భోజనం దగ్గర, "టెస్టులన్నీ నార్మల్ అయితే కొయ్యడం దేనికే? ఆగమని చెప్పు" అన్నారు. చెప్పాను. "ఆగితే స్ప్రింగ్ కచేరీలు పోతాయి" అంది.

మణికట్టు దగ్గర కోశారు. కట్టు ఉన్నన్నాళ్ళూ జుట్టు నేను దువ్వాను, బొత్తాలు నేను పెట్టాను. కట్టు విప్పాక మా వంటింట్లో కూర్చుని పప్పులో రాళ్ళు ఏరింది. ఆ చిటికెన వేలే చక్కగా చాచి, ఆవగింజంత రాయిని పక్కకు నెట్టింది. నేను పొంగిపోయాను.

"చూశావా, వచ్చేసింది!" అన్నాను.

లేచి అవతలికి వెళ్ళింది. గోడకు చెవి పెట్టక్కర్లేకపోయింది. వరస మునుపటి కంటే ముందే తెగింది. అన్నం కలుపుతుంది, ఉల్లిపాయ తరుగుతుంది, ఉత్తరం రాస్తుంది, మీట మీద మాత్రం ముడుచుకుంటుంది. ఇలాంటి జబ్బు ఉందని ఎవరికి చెప్పినా నమ్మరు, ముందు నేనే నమ్మలేదు.

అయినా ఒక కచేరీ ఒప్పుకుంది. నేను పట్టుచీర మీద స్వెటర్ వేసుకుని ముందు వరసలో కూర్చున్నాను. సగం దాకా బాగానే సాగింది. తర్వాత కుడిచెయ్యి పిడికిలిలా మూసుకుంది. ఆ పిల్ల ఒక్క ఎడంచేత్తోనే ఆ పాట చివరిదాకా లాక్కెళ్ళి, లేచి వంగి దండం పెట్టింది. జనం చప్పట్లు కొట్టారు. నేను తెర వెనక గదిలోకి వెళ్తే అద్దం ముందు కూర్చుని ఉంది. తలుపు బయట పూలగుత్తులతో వాళ్ళ చర్చి ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు.

"వెనక జిప్ తియ్యి అక్కా. ఈ గౌను ఇంక వెయ్యను" అంది.

అన్న మాట నిలబెట్టుకుంది.

తర్వాత చాలా నెలలు పియానో మూత తెరవలేదు. ఆ నిశ్శబ్దం మా ఇంట్లో కూడా ఉండేది. మావారే ఎవరినో కనుక్కుని ఒక న్యూరాలజిస్టు, అంటే నరాల డాక్టరు, పేరు తెచ్చారు. ఆ పెద్దాయన సూదులు పట్టుకోలేదు, తన ఆసుపత్రిలో ఉన్న పాత పియానో దగ్గరికి తీసుకెళ్ళి వాయించమన్నాడు. వేలు ముడుచుకోగానే, "ఫోకల్ డిస్టోనియా" అన్నాడు. "ఇది నీ కల్పన కాదు. చేతి తప్పూ కాదు. మెదడు ఆ వేలికి పంపే ఆజ్ఞ చెడిపోయింది."

"నయమవుతుందా?"

"ఐ వోంట్ లై టు యూ. కచేరీలు చేసినంత బాగా, బహుశా ఎప్పటికీ కాదు."

ఆయన ఇచ్చిన మాత్రలకు నోరు ఎండిపోయి, అక్షరాలు మసకగా కనిపించేవి, మానేసింది. వేళ్ళకు స్ప్లింట్ అనే బద్ద కట్టుకుని ఒక్కొక్క వేలూ పసిపిల్లలా నేర్చుకుంది. కొంచెం వచ్చింది. కచేరీకి సరిపోయేంత రాలేదు.

తల్లికి ఫోన్ మా ఇంటి నుంచే చేసింది. కొరియా మాటలు నాకు అర్థం కాలేదు. చాలాసేపు మాట్లాడి ఆగింది. అవతల నుంచి తల్లి ఒక్క మాట అంది, ఈ పిల్ల బావురుమంది. ఏమందని అడిగాను.

"అన్నం తిన్నావా, అని."

ఇప్పుడు హేసూక్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. కొందరు పిల్లలు ఇంటికి వస్తారు. ఎవరైనా ఒకచోట తప్పి మళ్ళీ మళ్ళీ అదే వాయిస్తుంటే, "చేతులు దించు, వెళ్ళి నీళ్ళు తాగిరా" అని గోడ దాటి వినిపించేలా కసురుతుంది. ఎడంచేతికే రాసిన పాటలు ఉంటాయట, అవి తనకోసం వాయించుకుంటుంది. ఎప్పుడైనా సాయంత్రం ఆ పాత వరస రెండు చేతులతో మొదలవుతుంది. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడతాను. తెగే చోటు ఇంకొంచెం దూరం ఉండగానే ఆపేసి, మూత వేసేస్తుంది. అది వినీ వినీ కూడా నాకు అలవాటు కాలేదు.

చివరగా ఒక్కటే చెప్తాను. మీ చెయ్యి చిన్నప్పటి నుంచి చేసే పనికే, నొప్పి లేకుండా, ఎదురుతిరిగితే ఆ పని ఇంకా ఎక్కువ చేసి దాన్ని లొంగదీయాలని చూడకండి. ఆపండి. ఆపి, న్యూరాలజిస్టుకు ఆ పని చేస్తూ చూపించండి, కోతకు ఒప్పుకునే ముందే.

మీ ఇంట్లో ముగ్గు వేసే చెయ్యి, జడ అల్లే చెయ్యి, వీణ మీటే చెయ్యి, స్టీరింగ్ తిప్పే చెయ్యి, అన్నీ చెప్పిన మాట వింటూ చల్లగా ఉండాలి. ఏదైనా వినని రోజు వస్తే, అన్నం తిన్నావా అని అడిగే మనిషి మీ గడపలో ఉండాలి.