పలకకు తొడిగిన అంగీ

గోపయ్య మొదట షట్టర్ల మేస్త్రీ. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన బిగించిన షట్టర్లు తెలంగాణ ఉద్యమం రోజుల్లో బంద్ అనగానే వరసగా దిగేవి. "మనం చేసినవాటికి ఇయ్యాల మస్తు పని దొరికింది" అని నవ్వుకునేవాడు. ఆ పనిలోనే ఓసారి ఉంగరపు వేలు నలిగి కొస వంకరపోయింది.

ఉద్యమం నాటికే ఆయన ఎల్‌బీ నగర్‌లో రామమోహనరావు గారి షెడ్డులో చేరాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి రామమోహనరావు గారు. ఫిల్ముతో పని లేకుండా ఎక్స్‌రే బొమ్మను నేరుగా కంప్యూటరుకు పంపే పలకలు అప్పుడప్పుడే వస్తున్నాయి. అవన్నీ గట్టివి. ఈయన చేతికి ప్రయోగం కోసం వచ్చింది మాత్రం అట్టలా వంగే పలక. వంగుతుంది గానీ మరీ మడిస్తే చిట్లుతుంది. వెలుతురు సోకినా, చెమట తగిలినా చెడిపోతుంది. దాన్ని కాపాడుతూ దానితోపాటే వంగే తొడుగు ఒకటి కావాలి. షెడ్డులో దాన్ని అంగీ అనేవారు.

ఆ అంగీ మీద గోపయ్యకు అంత పట్టుదల అక్క అరుణమ్మ వల్ల. నల్లగొండ జిల్లాలో వాళ్ల ఊరి బోరునీళ్ల నిండా ఫ్లోరైడే. ఆ నీళ్లకు ఆమె నడుము విల్లులా వంగి బిగుసుకుపోయింది. కొన్నాళ్లుగా కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. గట్టి పలక మీద పడుకోలేక కదిలిపోయేది. తీసిన ఎక్స్‌రే తీసినట్టే అలుక్కుపోయేది.

గోపయ్య అంగీకి పైన ఎక్స్‌రే దాటిపోయే పల్చటి నల్లపొర పెట్టాడు. అడుగున షట్టరుకు ఉన్నట్టే సన్నటి పట్టీలు. వాటి అంచులు ఒకదానికొకటి ఆనేదాకా వంగుతుంది, ఆపైన ఎంత నొక్కినా వంగదు.

"దుకాణానికీ ఆసుపత్రికీ ఒకటే షట్టరా గోపయ్యా?" అన్నారు రామమోహనరావు గారు.

"తాళం ఒక్కటే తక్కువ సార్."

అందులో పలకను పెట్టి, మనిషి లేకుండా ఖాళీగా బొమ్మ తీసి చూశారు. తేటగా వచ్చింది.

సకల జనుల సమ్మె నడుమ దసరా వచ్చింది. షెడ్డులో ఆయుధపూజ చేద్దామన్నది రామమోహనరావు గారి భార్య హనుమాయమ్మ గారు. గోపయ్య సరూర్‌నగర్‌లో తాను రోజూ దండం పెట్టుకునే ఆంజనేయస్వామికి అలంకరించే నూనెలో కలిపిన సింధూరం తెచ్చాడు. అన్ని యంత్రాలకూ బొట్లు పెట్టాడు. అంగీ దగ్గరికి వచ్చి ఆగాడు. పైన పెడితే ఆసుపత్రిలో స్పిరిటుతో తుడిచేస్తారు. అక్క పడుకునేది దీని మీదే కదా అనుకుని పైపొర విప్పి, దాని లోపలివైపు ఉంగరపు వేలితో నిలువు నామం దిద్ది మూసేశాడు.

బస్సులు లేవు. అరుణమ్మ బత్తాయిల లారీలో వచ్చింది. ఆ డ్రైవరు గోనెసంచులు మడిచి ఆమె నడుము కింద సర్ది, గుంతలు చూసుకుంటూ మెల్లగా తెచ్చాడు. ఆ బిడ్డ పేరు ఎవరూ అడగలేదు. దేవుడు అతన్ని చల్లగా చూడాలి.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ ప్రయోగానికి ఒప్పుకున్న ఆసుపత్రిలో, ఆ అంగీ మీద పడుకున్నప్పుడు అరుణమ్మ మొదటిసారి మూలగలేదు. "మెత్తగున్నదిర తమ్మీ" అంది.

బొమ్మ స్పష్టంగా వచ్చింది. వెన్నెముక నడుమ తెల్లటి మచ్చ కూడా అంతే స్పష్టంగా ఉంది.

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. "ఎముకలో ఏదో పెరుగుతున్నట్టుంది. సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఈ వెన్నులో సూది దించడం కష్టం. కాళ్లు పడిపోయే ప్రమాదమూ ఉంది. కానీ ఇలా వదిలేయలేం."

"నడుము వంగితేంది, నా ఇంట్ల నేను తిరుగుతున్న. గా నడక గూడ పోతదా తమ్మీ?" అంది అరుణమ్మ.

మర్నాడు తెల్లవారి స్నానం చేసి, అద్దం ముందు నామం దిద్దుకుంటూ ఆయన ఆగిపోయాడు. వంకర వేలు కాబట్టి నామం ఎప్పుడూ ఎడమకు ఒరుగుతుంది. కింద మందంగా, పైన సన్నగా ఉంటుంది. ఆసుపత్రిలో ఇచ్చిన ఎక్స్‌రే కాగితం బయటికి తీసి చూశాడు. ఆ మచ్చా అలాగే ఒరిగి ఉంది.

పరుగున షెడ్డుకు వెళ్లాడు. "సార్, గా మచ్చ అక్క ఎముకల లేదు. నా వేలు దిద్దిన నామం."

సంగతంతా విని రామమోహనరావు గారు తల పట్టుకున్నారు. "ఆ సింధూరంలో సీసం ఉంటుంది గోపయ్యా. ఎక్స్‌రేని ఆపేదే సీసం. ముందే చెప్పాలని నాకైనా తట్టలేదు. పద, విప్పు."

ముందురోజు ఆసుపత్రి నుంచి తిరిగి తెచ్చిన అంగీని విప్పాడు. తుడవడానికి మాత్రం చెయ్యి రాలేదు. అక్క కోసం పెట్టిన స్వామి బొట్టు అది. పొద్దుటి పూజ ముగించుకుని షెడ్డుకు వచ్చిన హనుమాయమ్మ గారు ముందుకు జరిగి పట్టుచీర కొంగు అందుకుంది. "స్వామిని తుడవటం లేదు నాయనా, నా కొంగులోకి తీసుకుంటున్నా" అంటూ మరక మిగలకుండా ఎత్తింది.

అంగీ తీసుకుని ఇద్దరూ స్కూటరు మీద బయల్దేరారు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు జరుగుతోంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని తింటూ నిరసన. అక్కడివాళ్లు స్కూటరును అడ్డుకున్నారు.

"దవాఖానకు పోవాలండీ" అన్నారు రామమోహనరావు గారు.

"సారుది ఆంధ్ర యాస లెక్కుంది" అన్నాడొకతను.

"అవు. మా అక్క నడుము కోసం వస్తున్నడు. ఆపుతవా?" అన్నాడు గోపయ్య.

గుండిగలో గరిటె తిప్పుతున్న ఆమె తలెత్తింది. "జర తొవ్వియ్యుండ్రి." ఆకుల్లో రెండు పిడికిళ్ల పులిహోర పెట్టి ఇచ్చింది. "తిని పోండ్రి."

రామమోహనరావు గారు ఒక ముద్ద తిన్నారు. "ఉప్పు తగ్గిందమ్మా."

"మీ సముద్రం కెల్లి తెచ్చేదుండె సార్."

ఆపినతనే నవ్వుతూ స్కూటరును పొయ్యిల మధ్య నుంచి నెట్టి దాటించాడు.

రెండోసారి తీసిన బొమ్మలో మచ్చ లేదు. జరిగింది చెబితే డాక్టరమ్మ కోప్పడలేదు, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత బొమ్మ మీద వేలు పెట్టి చూపించింది. నీళ్ల వల్ల పెరిగిన ఎముక నరాన్ని నొక్కుతోంది. నొప్పికి మందులున్నాయి. నడుము మాత్రం ఇక నిటారు కాదు.

"సూది లేదు గద" అంది అరుణమ్మ.

"లేదక్కా."

"ఇగ ఇంటికి తోల్కపో."

ఆమె మళ్లీ బత్తాయిల లారీలోనే ఊరు చేరింది. గోడ పట్టుకుని తన ఇంట్లో తానే తిరుగుతూ, తెలంగాణ వచ్చిన ఏడాది వానాకాలం దాకా బతికింది.

గోపయ్య తర్వాత చాలా అంగీలు చేశాడు. ఆయుధపూజ నాడు బొట్టు షెడ్డు షట్టరుకు పెడతాడు. అంగీ మూసేముందు మోచేతుల దాకా కడుక్కుంటాడు, నుదుటి నామం కూడా తుడుచుకుంటాడు. ముందుగా ఎవరినీ పడుకోబెట్టకుండా ఒక బొమ్మ తీయిస్తాడు. అందులో ఏమీ కనబడకపోతే దానికి దండం పెట్టి, అప్పుడు మనిషిని పిలవమంటాడు.