అమ్మ మొక్కిన పేరు

మా అమ్మాయి పెండ్లికార్డుల కట్ట హిందూపురం ప్రెస్సు నుంచి వచ్చినప్పటి నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. వధువు తండ్రి పేరు ఉండాల్సిన చోట పి. ప్రకాష్ అని బంగారు అక్షరాలు మెరుస్తుంటే, ఇది ఎవరింటి పెండ్లిరా దేవుడా అనిపించింది. అడిగితే మా పిల్లోడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "ధర్మవరంలో అందరూ నిన్ను అట్లే కదా నాయనా పిలిచేది, బెంగళూరు సంబంధమోళ్లు పకీరప్ప అంటే ఏమనుకుంటారో ఏమో" అన్నాడు. వాణ్ణి తిట్టడానికి నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాను, ఎందుకంటే ఆ ప్రకాష్‌ను పుట్టించింది నేనే.

మన ఈడు వాళ్లకు కొత్తగా చెప్పేదేముంది, ఒకప్పుడు పెనుకొండ చుట్టుపక్కల ఏ ఊర్లో కేక వేసినా ఇద్దరు పకీరప్పలు పలికేవాళ్లు. పిల్లలు నిలవని ఇంటివాళ్లు, హిందువులైనా సరే, పెనుకొండ దర్గాకు పోయి, ఈసారి బిడ్డ దక్కితే నీ పకీరనే పిలుచుకుంటాం స్వామీ అని మొక్కుకుని చక్కెర పెట్టి ఫాతిహా చదివించేవాళ్లు. మగపిల్లోడైతే పకీరప్ప, ఆడపిల్ల అయితే పకీరమ్మ. మా తరగతిలోనే ముగ్గురం ఉండేవాళ్లం, అయ్యోరు విసుక్కుని మమ్మల్ని ఇంటిపేర్లతో పిలిచేవాడు. నాకు ముందు పుట్టిన ఇద్దరూ పండ్లు రాకముందే పోయినారట. అందుకే పీర్ల పండగొస్తే అమ్మ నా మెడలో ఎర్రదారం వేసి, భుజానికి జోలె తగిలించి, ఐదిండ్లలో బియ్యం అడిగించి తెచ్చి వండేది. చిన్నప్పుడు నాకు అంతకు మించిన పండగ లేదు.

మీసం మొలిచినాకనే సిగ్గు మొదలైంది. ధర్మవరంలో పట్టుచీరల అంగడిలో పనికి చేరిన రోజు, సావుకారు పేరు అడిగితే, పక్కన నిలబడిన పిల్లోళ్లు జోలె యాడప్పా అని నవ్వుతారేమోనని భయపడి, ప్రకాష్ అనేశాను. పాడు నోరు!

రెండు నెలలకు, ఒక మధ్యాహ్నం, నేను మిద్దెమీద చీరలు మడతలు పెడుతుండగా కింద అమ్మ గొంతు వినబడింది. మా పకీరప్ప ఉండాడా అని అడుగుతోంది. అట్లాంటోడు ఈడ ఎవరూ లేరమ్మా అన్నారు అంగడివాళ్లు. కింద పెండ్లివాళ్లు కూర్చుని చీరలు చూస్తున్నారు, సావుకారు ఉన్నాడు, తోటి పిల్లోళ్లు ఉన్నారు. వాళ్లందరి ముందూ నా అబద్ధం బయటపడుతుందని, చేతిలో చీర పట్టుకుని అట్లే నిలబడిపోయాను. అమ్మ ఇంకోసారి అడిగి వెళ్లిపోయింది.

తర్వాత బస్టాండుకు పరుగెత్తాను. పెనుకొండ బస్సులో కిటికీ పక్కన, ఒడిలో వేయించిన శెనక్కాయల సంచితో కూర్చుని ఉంది. నేను చెప్పిందంతా విని, కోప్పడలేదు. "నిన్ను పిలిచేటప్పుడల్లా మొక్కు తీర్చుకుంటాండా అనుకుంటాంటి కదరా. ఇంగ యాడ తీర్చుకునేది?" అని సంచి నా చేతిలో పెట్టింది. బస్సు కదిలిపోయింది. అయినా మరుసటి రోజు నేను అంగడిలో నిజం చెప్పానా? లేదు. నలభై ఏండ్లు ఆ ఊర్లో ప్రకాష్‌గానే బతికాను. అమ్మ పోయినాక ఇంట్లో నాయన, బయట ప్రకాష్, అంతే.

నిద్ర పట్టక, ఈ పొద్దు తెల్లవారగానే కార్డుల కట్ట చంకన పెట్టుకుని హిందూపురం బస్సెక్కాను. మళ్లీ అచ్చు వేయాలంటే మొత్తం డబ్బు ఇంకోసారి కట్టాల్సిందేనన్నారు, వేయండన్నాను. కంప్యూటరు ముందున్న అమ్మాయి పేరు అడిగింది. చెప్పాను. ఆమె ఎప్పుడూ విననట్టు ముఖం పెట్టి, ఏంటి సార్ అని మళ్లీ అడిగింది. నిజమే, ఆ పిల్ల ఈడువాళ్లలో ఆ పేరు ఎవరికుంది గనక? ఇప్పుడు బిడ్డ దక్కాలని ఆసుపత్రుల చుట్టూ తిరుగుతారు, పేరు ఫోన్లో వెతుక్కుంటారు, మంచిదే, పిల్లలు బతుకుతున్నారు. రేపు నాతోపాటే ఈ పేరూ పోతుందేమో.

రెండోసారి, రోడ్డుమీద పోయేవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా, పకీరప్ప అన్నాను. ఆ పొద్దు మిద్దెమీది నుంచి ఇంత గట్టిగా పలికి ఉంటే, అమ్మ తిరిగి చూసేది.