ఒకే వార్డులో ఇద్దరు తోడికోడళ్లు

2021 మార్చి. ప్రొద్దుటూరులో మా రికార్డింగ్ రూములో ఫ్యాను ఆపేసి, తలుపు బిగించుకుని, చెమటలు తుడుచుకుంటా కూర్చున్న రోజులవి. ఫ్యాను తిరిగితే ఆ చప్పుడు మైకులోకి వస్తుంది కాబట్టి మాకు ఎండాకాలం నెల ముందే మొదలవుతుంది. ఆ ఏడు దానికి తోడు మున్సిపల్ ఎన్నికలు వచ్చినాయి.

నా పని గొంతుతో. చీరల అంగళ్ల తగ్గింపు ధరలు, బడుల్లో అడ్మిషన్లు, వీధుల్లో తిరిగే ఉల్లిగడ్డల ఆటో, ఎవరైనా పోతే అంత్యక్రియల సమాచారం, అన్నీ నేనే చెబుతాను. ఈ చుట్టుపక్కల ఊర్లలో ఆటో మైకులో ఆడగొంతు వినిపిస్తే అది చాలావరకు నాదే. మనిషిని చూసి మాత్రం ఎవరూ గుర్తుపట్టరు. కూరగాయల దగ్గర బేరమాడడానికి నోరు తెరిస్తే అప్పుడు తల తిప్పి చూస్తారు.

ఎన్నికలప్పుడు మేము చేసేదాన్ని ట్రాక్ అంటాం. ముందు ఒక పాట ముక్క, తర్వాత అభ్యర్థి సొంత గొంతుతో నమస్కారం, ఆ తర్వాత నా గొంతులో వార్డు, గుర్తు, హామీలు. దాన్ని లూప్‌లో పెడతాం. అంటే అయిపోగానే మళ్లీ మొదటి నుంచి దానంతటదే వస్తుంది. డ్రైవరు బండి నడుపుకుంటే చాలు. మేము అన్ని పార్టీలకూ చేస్తాం. పొద్దున ఒకరు వచ్చిపోతే మధ్యాహ్నం వాళ్ల మీద నిలబడినవాళ్లు వస్తారు. అద్దానికి అవతల మిషన్ల దగ్గర కూర్చునేది మా ఆయన. ఒకరి స్క్రిప్టు ఇంకొకరికి చెప్పకూడదన్నది ఆయన పెట్టిన నియమం.

ఒకరోజు జమ్మలమడుగు నుంచి చెన్నకేశవులు అనే ఆయన భార్యను వెంటబెట్టుకుని వచ్చినాడు. ఆమెను చూడగానే గుర్తుపట్టినాను. జమ్మలమడుగు బస్టాండు దగ్గర ఉగ్గాని అంగడి ఈశ్వరమ్మ. నానబెట్టిన బొరుగుల్లో పప్పుల పొడి, ఉల్లిగడ్డలు వేసి ఆమె కలిపే ఉగ్గాని కోసం నేను ఆ ఊరు పోయినప్పుడల్లా ఇంట్లో తినకుండా పోయేదాన్ని. ఆమె ఉగ్గాని కలుపుతాంటే పక్కన పొయ్యి మీద ఆమె తోడికోడలు సుజాత మిరపకాయ బజ్జీలు వేసేది. ఆ ఊర్లో దానికి బోర్డు లేదు. తోడికోడళ్ల అంగడి అంటే ఎవరైనా చూపిస్తారు.

వాళ్లుండే వార్డు ఆడవాళ్లకు రిజర్వు అయ్యింది. చెన్నకేశవులు తిరిగే పార్టీవాళ్లు, రోజూ పొద్దున వార్డంతా ఈమె చేతి తిండే తింటాంది గదా, ఈమె అయితే గెలుస్తుందని ఈశ్వరమ్మను నిలబెట్టినారు.

మైకు ముందర కూర్చోబెడితే ఈశ్వరమ్మకు మాట రాలేదు. చదువు రాదు కాబట్టి నేను ఒక్కో ముక్క చెప్పి మళ్లీ అనమన్నాను. రెండు మాటలు అంటుంది, నవ్వుతుంది, కొంగుతో మూతి తుడుచుకుంటుంది.

“నాకు నోరు తిరగదుమా,” అన్నది చివరికి. “మా సుజాత అయితే గడగడా మాట్లాడుతాది. ఆ యమ్మను పిలిపించి చెప్పిస్తే సరిపోదా?”

అద్దానికి అవతల నుంచి చెన్నకేశవులు నవ్వినాడు. “ఆ యమ్మే గదా నీ మీద నిలబడింది.”

“అవును గదా. మరిచేపోయినా,” అని ఈశ్వరమ్మ కూడా నవ్వింది.

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పినాడు. ఆయన తమ్ముడు రమణ ఇంకో పార్టీలో తిరుగుతాడు. అన్న పార్టీ ఉగ్గాని అంగడి మీద కన్నేసిందని తెలిసి తమ్ముడి పార్టీవాళ్లు కూడా అదే అంగడి నుంచి సుజాతను నిలబెట్టినారు. ఇద్దరూ ఒకే ఇంట్లో నుంచి బయలుదేరి పోయి నామినేషన్లు వేసినారు. అది జరిగింది ముందటి ఏడు. ఇంతలో కరోనా వచ్చి ఎన్నికలు ఆగిపోయినాయి. ఏడాది పాటు ఎవరికీ ఆ సంగతే గుర్తు లేదు. అంగడి మూతపడి, మళ్లీ తెరిచి, ఇద్దరూ కష్టసుఖాలు కలిసే పడినారు. ఇప్పుడు ఆగినచోట నుంచే ఎన్నికలు మళ్లీ మొదలైనాయి.

“అంగట్లో ఓటు మాట ఎత్తగూడదని అనుకున్యాము,” అన్నది ఈశ్వరమ్మ. “ఇది మొగోళ్ల తిప్పలు. గెలిచినోళ్లు గెలుస్తారు. పొద్దున లేస్తే మా పొయ్యి మాదే గదా.”

మరుసటి రోజు సుజాత వచ్చింది. వెంట భర్త రమణ, పార్టీ తరఫున స్క్రిప్టులు రాసే ఒక పెద్దమనిషి. సుజాత ఇంటర్ చదివింది. కాగితం పక్కన పెట్టేసి సొంతంగా మాట్లాడింది.

“నేను సుజాతను. పొద్దున్నే మీ చేతికి ప్లేటు అందించే సుజాతను. కొళాయిలో నీళ్లు ఎప్పుడొస్తాయో అని బిందె పెట్టుకుని కాచుకునే ఆడోళ్లలో నేనూ ఒకదాన్ని. మీ ఇంటి ఆడబిడ్డ అనుకుని ఒక అవకాశం ఇయ్యండి.”

ఒకే టేక్‌లో అయిపోయింది. టేక్ అంటే ఒకసారి ఆపకుండా చెప్పడం. ఇన్నేళ్లలో మైకు ముందు మొదటిసారి కూర్చుని అంత నెమ్మదిగా, అంత నిజంగా మాట్లాడిన మనిషిని నేను చూడలేదు. మా ఆయన అద్దం వెనక నుంచి బొటనవేలు ఎత్తి చూపించినాడు.

అప్పుడు ఆ పెద్దమనిషి ఇంకో మాట చదవమన్నాడు. “వార్డును నడిపేది చదువుకున్న చెయ్యా, వేలిముద్ర వేసే వేలా?”

సుజాత మొహం మారిపోయింది. “ఇది నేను చెప్పను.”

“రాజకీయంలో ఇయ్యన్నీ ఉంటాయిలే,” అన్నాడు రమణ.

“మా అక్కను అనే మాట ఇది. అందరికీ తెలుస్తాది. ఆ యమ్మ ఇప్పుడు సంతకం పెడతాంది. రాత్రిళ్లు కూర్చోబెట్టి నేనే నేర్పించినా.”

రమణ నా వైపు చూసినాడు. “నువ్వు చదువుమా అయితే.”

ఇంటి ఆడవాళ్ల మీద మాటలు చదవనని చెప్పినాను. పెద్దమనిషి వాదించలేదు. కాగితంలో ఆ వాక్యం మీద గీత కొట్టి, “సరేలేమా, వద్దులే,” అన్నాడు. మిగిలింది నేను చదివి ట్రాక్ పూర్తి చేసినాం. పెన్ డ్రైవ్ ఆయన జేబులో వేసుకున్నాడు. పోయేముందు సుజాత నా దగ్గరికి వచ్చి, “మా అక్క నిన్న సరిగ్గా మాట్లాడిందా?” అని అడిగింది. మా నియమం గుర్తొచ్చి నేను నవ్వి ఊరుకున్నాను. “భయపడింటాది పాపం,” అని తనే అనుకుంటా వెళ్లిపోయింది.

రెండు రోజుల తర్వాత సుజాత ఫోన్ చేసింది. ఏడుస్తానే చెప్పింది.

జరిగింది ఇది. పొద్దున అంగడి నిండా జనం ఉన్నప్పుడు సుజాత పార్టీ ప్రచారం ఆటో వచ్చి ఎదురుగా ఆగింది. డ్రైవరు పక్కన రమణ కూర్చున్నాడు. పాట వచ్చింది. సుజాత నమస్కారం వచ్చింది. దాని వెంటనే, ఊపిరి తీసుకునే సందు కూడా లేకుండా, ఒక మగగొంతులో ఆ వేలిముద్ర మాట వచ్చింది. ఇంకెక్కడో చెప్పించి మా ట్రాక్‌లో మధ్యలో అతికించినారు. సుజాత మాట ఆగగానే అది వస్తాంది కాబట్టి వినేవాళ్లకు ఆమె చెప్పిస్తున్నట్టే ఉంది.

తింటున్నవాళ్లంతా ప్లేట్లలోకి చూసుకుంటా ఉండిపోయినారంట. లూప్ కదా, ఇంకోసారి వచ్చింది. ఈశ్వరమ్మ గరిటె కింద పెట్టింది. ఉగ్గాని మీద పళ్లెం మూసింది. చేతులు కడుక్కుని ఇంటికి పోయింది.

“ఆ మాట నేను అనలేదని నువ్వైనా చెప్పక్కా,” అన్నది సుజాత. “నేను వద్దన్నప్పుడు నువ్వు ఉన్యావు గదా.”

నేను, మా ఆయన ఆ మధ్యాహ్నమే జమ్మలమడుగు పోయినాం. మేము చేసిన అసలు ట్రాక్ ఫోన్‌లో పెట్టుకున్నాం. మా ఆయన తన నియమం సంగతి ఎత్తలేదు.

ఈశ్వరమ్మ ఇంటి వెనక నీడలో కూర్చుని పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తాంది. రేపటి అంగడి కోసమా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. ట్రాక్ వినిపించినాను. సుజాత ఆ మాట చెప్పనన్నదని, సంతకం నేర్పించిన సంగతి కూడా చెప్పిందని, నా ఎదురుగానే జరిగిందని చెప్పినాను. ఈశ్వరమ్మ పని ఆపకుండా అంతా విన్నది.

“ఆ యమ్మ అనలేదని నాకు తెలుసుమా,” అన్నది. “పెండ్లి చేసుకుని వచ్చినకాడి నుంచి ఆ గొంతు వింటాండా. అట్లాంటి మాట ఆ నోట్లో నుంచి రాదు.”

“మరి ఇంకేందిమా?”

“ఆటో మా ముందరే నిలబడింది. పక్కనే మొగుడు కూర్చోనుండాడు. ఆపు అని ఒక మాట అనొచ్చు గదా. నూనె చట్టి ముందర నిలబడి ఆయన మొగం చూసిందే గానీ నా మొగం చూడలేదు. రెండోసారి వచ్చినప్పుడు కూడా చూడలేదు.”

ఫోన్ మూసి బ్యాగులో పెట్టుకున్నాను. తాగడానికి మజ్జిగ ఇచ్చింది. తాగి వచ్చేసినాం.

ఆ సాయంత్రమే ఆ మాట తీసేయించాలని సుజాత ఇంట్లో గొడవ పెట్టుకుందని తర్వాత తెలిసింది. మరుసటి రోజు నుంచి ఆటోలో అది రాలేదు. అయితే ఊరంతా దాన్ని అప్పటికే నోటికి నేర్చుకుంది. బడిపిల్లలు కూడా ఆడుకుంటా అనేవాళ్లంట. దానికి తోడు ఈశ్వరమ్మ వైపువాళ్లు కూడా సుజాత మీద ఏవేవో మాటలు మైకులో మొదలుపెట్టినారు. వాటికోసం మా దగ్గరికి రాలేదు, అంతే.

సుజాత గెలిచింది. కొద్ది తేడాతోనే. పూలదండలు వేసి ఊరేగించినప్పుడు ఆమె తలెత్తలేదని అక్కడ సౌండు పెట్టిన మాకు తెలిసినాయన చెప్పినాడు. సిగ్గు అనుకున్నాడంట ఆయన.

ఆ తర్వాత అన్నదమ్ములు వేరుపడినారు. ఈశ్వరమ్మను తీసుకుని చెన్నకేశవులు ముద్దనూరు రోడ్డులో బాడుగ ఇంటికి మారినాడు. బస్టాండు దగ్గరి అంగడి మూతపడింది. కొన్నాళ్లకు ఈశ్వరమ్మ బస్టాండు రోడ్డుకు ఇంకో పక్క చిన్న బండి పెట్టుకుంది. ఒకసారి పోయి తిన్నాను. ఉగ్గాని రుచి మారలేదు. బజ్జీలు లేవు. అడిగితే, “ఆ పని నాకు కుదరదుమా,” అన్నది. సుజాత ఎట్లుందని నేను అడగలేదు. ఆమె కూడా ఎత్తలేదు. ఇద్దరి మధ్యా ఇప్పటికీ మాటలు లేవు.

కౌన్సిలర్ అయినాక సుజాత ఒకసారి మా స్టూడియోకి వచ్చింది. తడి చెత్త, పొడి చెత్త వేరువేరుగా ఇయ్యమని వార్డులో తిప్పే బండికి ఆమె గొంతు కావాలన్నారు. రమణ బయట ఫోన్‌లో ఎవరితోనో కౌన్సిల్ పనులు మాట్లాడుతున్నాడు. కౌన్సిలర్ ఆయనే అనుకుంటారు చూస్తే.

ఈసారి ఆమె కాగితం చూసి చదివింది. తప్పు ఒక్కటీ లేదు. మొదటిసారి ఉన్న ఆ ప్రాణం మాత్రం లేదు. అయిపోయినాక హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“ఈ రూములో వద్దు అని చెప్పినా గదా అక్కా,” అన్నది.

“చెప్పినావు.”

“ఈడ ఆయన తప్ప అందరూ తెలియనోళ్లే. ఈడ ఎట్ల వచ్చిందో ఆ మాట. ఆడ మా అక్క పక్కనే ఉండాది. ఆడ నోరు పెగల్లేదు.”

ఏదైనా ఓదార్పు చెబుదామని చూసినాను. ఇప్పుడైనా పోయి ఆ మాట మీ అక్కతో చెప్పమన్నాను. “పోయినా అక్కా. రెండుసార్లు పోయినా. బండి దగ్గర జనం ఉంటారు. ప్లేటు తీసుకుని తినేసి వచ్చినా. అందరికీ పెట్టినట్టే పెట్టింది,” అన్నది. రమణ తలుపు తట్టినాడు. లేచి వెళ్లిపోయింది.

ఇప్పుడు మేము అభ్యర్థుల గొంతు కింద కూడా పాట ఆగకుండా వచ్చేట్టు, మధ్యలో కోయడానికి సందు లేకుండా కలిపి ఇస్తాం. తెలిసినవాడు దాన్ని కూడా కోసి అతికించగలడు. అది పనిలో నేర్చుకున్న జాగ్రత్త, అంతే. ఆ ఇద్దరి దగ్గరా నేను నేర్చుకున్నది వేరే. మైకులో ఎవరో అన్న చెడ్డ మాటను మనుషులు కొన్నాళ్లకు మరిచిపోతారు. అది వినపడినప్పుడు మనవాళ్లు మన మొహం చూసినారా లేదా అన్నది మరిచిపోరు. ఆడవాళ్లు ప్రచారం చెప్పడానికి వచ్చినప్పుడు నేను మగవాళ్లను టీ తాగి రమ్మని బయటికి పంపుతాను. మీకు ఇష్టం లేని మాట ఏదైనా ఉంటే ఈ రూములోనే కాదు, వీధిలో, అందరి ముందర కూడా వద్దని చెప్పండి అంటాను. వాళ్లు తల ఊపుతారు. ఆ రోజు సుజాతకు ఇది చెప్పాలని నాకు తట్టనే లేదు. అంత బాగా మాట్లాడే మనిషికి చెప్పాల్సిన పని ఉంటుందని ఎవరనుకుంటారు.