నీలం రంగు చోట

న్యూజిలాండ్‌లోని టౌరంగా ఊళ్ళో ఒక నర్సు కూతురు జెన్సీ. రాకెట్ ఇంజిన్లో మంట ఎలా సుడులు తిరుగుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం ఆమె ఉద్యోగం. సీనియర్ విష్ణుకి మాత్రం లెక్కకంటే, దాన్నుంచి కంప్యూటర్ గీసే రంగుల బొమ్మలంటేనే మోజు. "ఇక్కడంతా నీలమే, అంటే చల్లగా ఉన్నట్టు. ఢోకా లేదు" అని మీటింగులో ఊదరగొట్టాడు. ఆ బొమ్మ వెనకున్న అంకెలు నమ్మొద్దని జెన్సీ మొత్తుకుంటే, "నువ్వింకా చిన్నపిల్లవమ్మా" అన్నాడు.

టెస్టులో సరిగ్గా ఆ నీలం చోటే ఇంజిన్ గోడ కరిగి చిల్లు పడింది. మర్నాడు ఆ పెద్దమనిషి లెక్కలో ఒక అంకె మార్చి, అక్కడ ఎరుపు తెప్పించి, "చూశావా, మన మోడల్ పట్టేసింది!" అన్నాడు, సిగ్గులేకుండా.

జెన్సీ ఆ బొమ్మ వంక చూడనైనా చూడలేదు.

"పేషెంట్ పోయాక జ్వరం చార్టు దిద్దే నర్సుని మా అమ్మ వార్డు గుమ్మం తొక్కనిచ్చేది కాదు, విష్ణు గారూ."