ఎస్తేరు చెయ్యి

పదకొండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఆడటానికి క్షణం కూడా పట్టలేదు. మీకు చెప్పడానికి మాత్రం నాలుగు రోజులుగా తంటాలు పడుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

అప్పట్లో బాపట్లలో ఒక పరిశోధనశాలలో పనిచేసేదాన్ని. పేరుకి పరిశోధనే కానీ, రోజూ చేసేది కడగడమే. వరి ఆకులు నూరి రసం తీస్తాం. అందులో కంటికి ఆనని వెండి రేణువులు కలుపుతాం. ఆకులోని ప్రొటీన్లు వెళ్ళి ఆ వెండికి అతుక్కుంటాయి. ఏవి అతుక్కున్నాయో తెలిస్తే, ఇలాంటి లోహాలు మొక్క లోపలికి వెళ్ళి ఏం చేస్తాయో కొంత అర్థమవుతుంది. అయితే కొన్ని ప్రొటీన్లు గట్టిగా పట్టుకుంటాయి, కొన్ని ఊరికే పక్కన చేరతాయి. ఊరికే చేరినవాటిని వదిలించాలంటే వెండి అడుక్కి దిగేలా మిషన్లో గిరగిరా తిప్పి, పైనీళ్ళు పారబోసి, మళ్ళీ కడగాలి. అలా మూడుసార్లు.

నేను ఒక్కసారే కడిగాను.

తెనాలి వెళ్ళే సాయంత్రం రైలు అందుకోవాలి. ఇంట్లో చంటిపిల్ల. మొదటిరోజు కారణం అదే. మరి రెండో రోజు? ఆ నెలంతా? నిజం చెప్పాలంటే, ఒక్కసారి కడిగినప్పుడు బోలెడన్ని ప్రొటీన్లు కనిపించాయి, మా గైడు సార్ మొహం వెలిగిపోయింది, ఆ మెప్పు నాకు తియ్యగా ఉంది. నోట్‌బుక్‌లో మాత్రం మూడుసార్లు అనే రాశాను. గుండ్రటి అక్షరాలతో, కొట్టివేత లేకుండా.

తర్వాత ఎస్తేరు చేరింది. చెరుకుపల్లి పిల్ల. అమ్మానాన్నలు కూలి పనికి వెళ్ళి చదివించారు. నా పనిని ముందుకు తీసుకెళ్ళాలంటే ముందు నా ఫలితాన్ని తను మళ్ళీ రాబట్టి చూపాలి. రాలేదు. ఎలా వస్తుంది? తను మూడుసార్లూ కడిగింది. నేను చూపించినవన్నీ ఆ నీళ్ళలోనే కొట్టుకుపోయాయి. చెయ్యి కుదరడం లేదమ్మా నీకు అన్నారు సార్, అందరి ముందూ. పాపం, ఆదివారం చర్చి అవగానే బస్సెక్కి వచ్చి మళ్ళీ మొదలుపెట్టేది.

ఒక మధ్యాహ్నం టిఫిన్ బాక్సు మూత పెడుతూ అడిగింది.

“అక్కా, ఏమనుకోకండి. మీరు మూడుసార్లూ కడిగేవారా?”

“కడిగానమ్మా. నీ చెయ్యే ఎక్కడో తొందరపడుతోంది.”

“అయ్యుంటదక్కా.”

అంతే. నా మొహం వంక అనుమానంగా కూడా చూడలేదు.

నేను అక్కడితోనైనా ఆగానా? తను ఎలా చేస్తోందో పక్కనుండి చూడమని సార్ నాకే అప్పగించారు. నిలబడి చూశాను. పొల్లుపోకుండా చేసింది, నేను ఏనాడూ చెయ్యనంత శ్రద్ధగా. అయినా ఏదో ఒకటి అనాలి కదా, పెద్దదాన్ని. ఇంకాస్త మెల్లగా అన్నాను. మెల్లగా పోసింది. ఇంకా మెల్లగా అన్నాను. అప్పుడు తన వేళ్ళు వణికాయి. అంతకుముందు అవి వణకడం నేనెప్పుడూ చూడలేదు.

ఆరు నెలలకి మానేసింది. ఆ ఫలితాలతోనే నా పరిశోధన వ్యాసం అచ్చయింది. దాన్ని నమ్మి ఎవరెవరు ఏమేం చేశారో వెతకడానికి నాకు ధైర్యం లేదు. ఇప్పుడు రేపల్లెలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ల్యాబులో పిల్లలు ట్యూబులు పట్టుకుంటే నా చూపు వాళ్ళ వేళ్ళ మీదే ఉంటుంది. ఎవరి వేళ్ళయినా వణికితే ఏదో పనున్నట్టు బయటికి వచ్చేస్తాను. వరండాలో నిలబడినా ఆ వేళ్ళే కనిపిస్తాయి.

పోయిన నెల ఎస్తేరు ఫోన్ చేసింది. నంబరు ఎవరో ఇచ్చారట. వాళ్ళ ఊళ్ళోనే బడిలో సైన్సు చెబుతోందట. తన దగ్గర చదువుకున్న అమ్మాయి మా కాలేజీలో చేరుతోంది, కాస్త చూసుకోమని అడిగింది.

“మంచి పిల్లక్కా. నాలాగా కాదు, చెయ్యి చాలా కుదురు.”

చూసుకుంటానులే అని మాత్రం అన్నాను. ఇన్నాళ్ళూ తను నన్ను అనుమానించి ఉంటుందని, తిట్టుకుని ఉంటుందని అనుకునేదాన్ని. అదైతే భరించగలిగేదాన్ని. తను నన్ను కాదు, తననే తప్పుపట్టుకుంటూ పదకొండేళ్ళు గడిపింది.

తనకి చెబుతానా? చెబుతానని మాటివ్వలేను, నా మాట విలువెంతో మీకిప్పుడు తెలుసు కదా. ఇంతవరకు రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. సిగ్గు తగ్గలేదు. ఎస్తేరు చేతిలో ఏ లోపమూ లేదని తెలిసినవాళ్ళం ఇప్పుడు ఇద్దరం, నేనూ మీరూ. ఎస్తేరుకి ఇంకా తెలియదు.